బిందువుకు అటొక లెక్క, ఇటొక లెక్క: దశాంశాల హోంవర్క్‌లో చిక్కుకున్న ఒక ఆరో తరగతి విద్యార్థిని కేసు

నేపథ్యం

గణితంలో వెనుకబడుతున్న ప్రాథమికోన్నత తరగతుల పిల్లలకు బడి వేళల తర్వాత విడిగా పాఠం చెప్పడం నా పని. ఇక్కడ నమోదు చేస్తున్నది ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి విషయం. తల్లి అనుమతితోనే రాస్తున్నాను. పాపను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసివేశాను, లెక్కకు సంబంధించినవి మాత్రం యథాతథంగా ఉంచాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం. తల్లి ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది, రోజూ సాయంత్రం మిషను పక్కనే పాపను కూర్చోబెట్టుకుని హోంవర్క్ చేయిస్తుంది. తాతగారితో కలిసి క్రికెట్ చూడటం పాపకు ఇష్టం. ఈ రెండు విషయాలూ తర్వాత కేసులోకి వస్తాయి కనుక చెబుతున్నాను.

ఐదో తరగతి వరకు పాప లెక్కల్లో బాగానే ఉండేది. పూర్ణ సంఖ్యల నాలుగు ప్రక్రియలూ తడబడకుండా చేస్తుంది, ఎక్కాలు వచ్చు, సామాన్య భిన్నాల్లో హారాలు సమానం చేయడం కూడా తెలుసు. దశాంశాల అధ్యాయం మొదలైన తర్వాతే హోంవర్క్ దగ్గర ఏడుపులు మొదలయ్యాయని తల్లి చెప్పింది. "చెప్పినంతసేపూ చేస్తుంది సార్, మర్నాడు మళ్లీ మొదటికే" అన్నది ఆమె ఫిర్యాదు. ఆ మాట నాకు ముఖ్యమనిపించింది. చెప్పినంతసేపూ చేయగలుగుతున్న పిల్లకు శ్రద్ధ, జ్ఞాపకశక్తి ఉన్నట్టే. అవి ఉండీ మర్నాటికి నిలవడం లేదంటే, చెప్పినది ఆమె లోపల ఉన్న మరేదో అవగాహనతో ఢీకొని ఓడిపోతున్నదని అనుమానించాలి.

ఎదురైన సమస్య

మొదట ఆమె నోట్‌బుక్ తీసుకుని తప్పులను మాత్రమే కాక, ఒప్పులను కూడా చూశాను. 0.35, 0.8, 0.125 లను ఆరోహణ క్రమంలో రాయమంటే 0.8, 0.35, 0.125 అని రాసింది. సరైన క్రమం దీనికి పూర్తిగా తలకిందులు. అయితే అదే పేజీలో 3.47, 3.52 లలో పెద్దది ఏదో సరిగ్గా గుర్తించింది, 0.5 కంటే 0.75 పెద్దదని కూడా సరిగ్గానే రాసింది. కూడికల్లో 0.7 + 0.5 కు 0.12 అనీ, 4.8 + 0.35 కు 4.43 అనీ సమాధానాలు ఉన్నాయి. ఇవి అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పులు కావు. ఏడూ ఐదూ పన్నెండు, ఎనిమిదీ ముప్పై ఐదూ నలభై మూడు. ఆమె కూడిక ఎక్కడా తప్పలేదు, కూడిన వస్తువులే తప్పు.

ఇంట్లో ఈ పేజీని "సగం వచ్చు, సగం రాదు" అని అర్థం చేసుకున్నారు. నాకు మాత్రం పేజీ అంతటా ఒకే పద్ధతి కనిపించింది. బిందువుకు కుడివైపు ఉన్న అంకెలను పాప ఇంకొక పూర్ణ సంఖ్యగా చదువుతోంది. అలా చదివితే 35 కంటే 125 పెద్దది, 8 కంటే 35 పెద్దది. 47 కంటే 52 పెద్దది, 5 కంటే 75 పెద్దది అన్నవీ ఆ చదువులోంచే వస్తాయి, కాకపోతే ఈ చివరి రెండు చోట్లా తప్పుడు ఆలోచన ఒప్పు సమాధానానికే దారితీసింది. ఒప్పు పడిన చోట ఎవరూ ఆగి అడగరు కనుక ఆ ఆలోచన వారాల తరబడి భద్రంగా ఉండిపోయింది.

నిర్ధారణ

ఈ అనుమానాన్ని రూఢి చేసుకోకుండా పాఠం మొదలుపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఎందుకంటే దశాంశాల్లో పిల్లలు చేసే పొరపాట్లన్నీ ఒక జాతివి కావు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కే స్టేసీ, విక్కీ స్టైన్లె ఈ విషయంపై విస్తృతంగా పనిచేసి, పిల్లల తప్పులను రకాలుగా విడదీశారు: అంకెలు ఎక్కువ ఉన్న దశాంశమే పెద్దదనుకునేవారు ఒక వర్గం, అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదనుకునేవారు ఇంకొక వర్గం, మొదటి రెండు స్థానాల తర్వాత వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోనివారు మరొక వర్గం. పైకి చూస్తే అందరూ "దశాంశాలు రానివాళ్లే". ఒక వర్గానికి మేలు చేసే మాట ఇంకొక వర్గానికి హాని చేస్తుంది.

అందుకని ఏ రకంగా ఆలోచించే పిల్ల ఏ సమాధానం ఇస్తుందో ముందే తెలిసేటట్లు జతలు ఎంచుకున్నాను. 4.8, 4.63 ఇస్తే 4.63 పెద్దదంది. 4.7, 4.08 ఇస్తే 4.08 పెద్దదంది, అంటే ఎనిమిది ముందున్న సున్నాకు ఆమె దృష్టిలో విలువ లేదు. 0.6 కంటే 0.60 పెద్దదంది. 4.8 నుంచి పదో వంతు చొప్పున పెంచుకుంటూ వెళ్లమంటే "నాలుగు పాయింట్ ఎనిమిది, నాలుగు పాయింట్ తొమ్మిది, నాలుగు పాయింట్ పది, నాలుగు పాయింట్ పదకొండు" అని ఆగకుండా చెప్పుకుపోయింది. 0.3 కూ 0.4 కూ మధ్య సంఖ్యలున్నాయా అంటే లేవంది. ఎక్కడా తడబాటు లేదు. పాప ఏది చెప్పినా పూర్తి నమ్మకంతో చెప్పింది.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, ఆమె చుట్టూ ఉన్న లోకమంతా దానికి సాక్ష్యం పలుకుతోంది. పాఠ్యపుస్తకంలో అభ్యాసం 4.9 తర్వాత వచ్చేది అభ్యాసం 4.10. సాయంత్రం 6.30 అంటే ఆరు గంటల ముప్పై నిమిషాలు. క్రికెట్‌లో 15.3 ఓవర్లంటే పదిహేను ఓవర్లు, మూడు బంతులు. ఈ చోట్లన్నింటా బిందువు రెండు పొలాల మధ్య గట్టులాగే పనిచేస్తుంది. అటువైపు ఒక లెక్క, ఇటువైపు వేరే లెక్క, రెండింటికీ కొలత వేరు. పాప ఈ వాడుకలను శ్రద్ధగా గమనించి, అదే నియమాన్ని దశాంశాలకు అన్వయించింది. దాన్ని తెలివితక్కువతనమని అనలేం. ఇది నాకు స్పష్టమయ్యాక, తల్లితో మొదట చెప్పిన మాట కూడా అదే. పాప లెక్కల్లో మొద్దు కాదనీ, తనకు కనిపించిన దాన్ని బట్టి సక్రమంగానే ఆలోచిస్తోందనీ ఆ అమ్మ వినడం అవసరమనిపించింది.

ప్రయత్నించినా నిలవనివి

నా దగ్గరకు రాకముందు ఇంట్లోనూ, అంతకుముందు ట్యూషన్‌లోనూ పాపకు నేర్పిన కిటుకు ఒకటుంది: పోల్చేముందు కుడివైపు సున్నాలు చేర్చి అంకెల సంఖ్య సమానం చేయడం. 0.800, 0.350, 0.125 అని రాసుకుంటే క్రమం వెంటనే సరిపోతుంది. ఈ కిటుకు గణితపరంగా సరైనదే. కానీ సున్నాలు చేర్చాక పాప పోల్చేది మళ్లీ 800, 350, 125 అనే పూర్ణ సంఖ్యలనే. అంటే ఏ అవగాహన తప్పుదారి పట్టిస్తోందో దానికే ఈ కిటుకు అండగా నిలుస్తోంది. పైగా సున్నా ఎందుకు చేర్చవచ్చో తెలియదు కనుక, కొన్నిచోట్ల ఆమె 0.8 ని 0.08 గా మార్చింది. దీని వెనుకా తర్కం ఉంది. పూర్ణ సంఖ్యల్లో ముందు సున్నా పెడితే విలువ మారదు, వెనుక పెడితే మారిపోతుంది. 5 నీ 05 నీ ఒకటే, 50 వేరు. ఆ అనుభవం ఉన్న పిల్ల "విలువ మారకుండా సున్నా చేర్చు" అంటే ముందే చేర్చుతుంది. అందువల్ల ఈ కిటుకును కొంతకాలం పూర్తిగా పక్కన పెట్టమని తల్లిని కోరాను. బడిలో మార్కులు తగ్గుతాయేమోనని ఆమె భయపడింది. ఆ భయం న్యాయమైనదే కాబట్టి, హోంవర్క్ నోట్‌బుక్‌లో బడి పద్ధతినే రాయనిచ్చి, అర్థం చేసుకునే పనిని వేరే కాగితం మీద సాగించాం.

తర్వాత రూపాయలు, పైసలు తీసుకున్నాను. పెద్దవాళ్లకు ఇది అత్యంత సహజమైన ఉదాహరణగా తోస్తుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని 100 నయా పైసలుగా విభజించినప్పటి నుంచి మన డబ్బు దశాంశ పద్ధతిలోనే నడుస్తోంది. కానీ ఈ పాపకు అది పనికిరాలేదు, కారణాలు రెండు. మొదటిది, 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటులో లేవు, పాప జీవితంలో పైసా అన్నది చేతికి తగిలే వస్తువే కాదు. రెండోది ఇంతకంటే లోతైనది. రూపాయలు ఒక లెక్క, పైసలు ఇంకొక లెక్క అని మనం చదివే తీరే బిందువును గట్టుగా మార్చేస్తుంది. ₹4.80 ని "నాలుగు రూపాయల ఎనభై పైసలు" అని చదివిన పాప, 0.125 రూపాయి అనగానే "నూట ఇరవై ఐదు పైసలు" అంది. ఆ మాట విన్నాక డబ్బు ఉదాహరణను ఆపేశాను.

ఇక స్థాన విలువల పట్టిక గీసి, ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ విలువ పదో వంతు అవుతుందనీ, పదో వంతు కంటే వందో వంతు చిన్నదనీ వివరించాను. పాప చక్కగా విని, ఒప్పజెప్పింది. ఆ తర్వాతి పాఠానికి వచ్చేసరికి 0.45 కంటే 0.3 పెద్దదని రాసింది. అంతకుముందు ఎప్పుడూ తప్పని 0.5, 0.75 జత కూడా ఇప్పుడు తప్పింది. అడిగితే, "వందో వంతులు చిన్నవి కదా సార్" అంది. ఒక వర్గం నుంచి ఇంకొక వర్గానికి మారిపోయిందన్న మాట. తల్లి కంగారుపడింది, ఉన్నది కూడా పోయిందనుకుంది. నాకు మాత్రం ఇది అవసరమైన కదలికగానే కనిపించింది, ఎందుకంటే పాప మొదటిసారి అంకెల పొడవును వదిలి ముక్కల పరిమాణం గురించి ఆలోచించింది. లోపమల్లా, ముక్క ఎంత చిన్నదో చూసింది కానీ అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడలేదు. ఆ రెండూ ఒకేసారి కంటికి కనబడే వస్తువు కావాలి. మాటలతో ఇక లాభం లేదు.

పనిచేసినది

జాకెట్ల కొలతలు గీసుకోవడానికి తల్లి వాడే మందపు కాగితం నుంచి మీటరు పొడవున్న పట్టీలు కొన్ని కత్తిరించి తెమ్మన్నాను. ఒక నిండు పట్టీకి "ఒకటి" అని పేరు పెట్టాం. ఇంకొక పట్టీని పది సమాన ముక్కలు చేయించాను, వాటిలో కొన్నింటిని మళ్లీ పదేసి ముక్కలు చేయించాను. కత్తిరింపు పాప చేతే జరగాలని పట్టుబట్టాను. ఒకదాన్ని పది చేయడం, ఆ పదిలో ఒకదాన్ని మళ్లీ పది చేయడం అనే ఒకే పని బిందువుకు ఎడమ నుంచి కుడికి ఆగకుండా సాగుతుందన్నదే ఈ కేసులో నేర్పవలసిన అసలు విషయం. అది చేతికి తెలియాలి. వందో వంతు ముక్కను మళ్లీ పది చేయమంటే కత్తెర పట్టలేకపోయి, పెన్సిలుతో సన్నని గీతలు గీసి, ఒక్క గీత మందం ముక్కను మాత్రం ఎలాగో కోసింది. దాన్ని పోగొట్టుకోకుండా టేపుతో అట్టకు అంటించి దాచుకుంది.

ఇక్కడ ఒక నిర్ణయం గురించి చెప్పాలి. ముక్కలను సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు అని ఎవరూ పిలవకూడదని షరతు పెట్టాను, కొలతల టేపు కూడా దగ్గర పెట్టనివ్వలేదు. సెంటీమీటరు అనగానే మళ్లీ మీటర్లు ఒక లెక్క, సెంటీమీటర్లు ఇంకొక లెక్క అవుతాయి, పైసలతో వచ్చిన చిక్కే తిరిగి వస్తుంది. పట్టీలో పదో వంతు, పట్టీలో వందో వంతు అనే మాటలే వాడాం. అలాగే 0.35 ను "పాయింట్ ముప్పై ఐదు" అని కాక, "సున్నా పాయింట్ మూడు ఐదు" అని చదివి, వెంటనే "మూడు పదో వంతులు, ఐదు వందో వంతులు" అని చెప్పడం ఇంట్లోనూ అలవాటు చేయించాను.

మొదటి పని, తప్పిన ఆ హోంవర్క్ లెక్కనే నేల మీద పేర్చడం. పాప 0.8 కోసం ఎనిమిది పెద్ద ముక్కలు వరుసగా పెట్టింది. దాని కిందే 0.35 కోసం మూడు పెద్దవి, ఐదు చిన్నవి పెట్టింది. ఆ వరుస సగం దూరం కూడా రాలేదు. ఇంకేమైనా మర్చిపోయానా అన్నట్టు ముక్కలు మళ్లీ లెక్కపెట్టుకుంది. నేను ఏమీ అనలేదు. తర్వాత 0.125 కోసం ఒక పెద్దది, రెండు చిన్నవి పెట్టి, అట్ట మీద అంటించిన సన్న ముక్కను పక్కన చేర్చి, మిగిలిన నాలుగింటికి జాగా వదిలింది. మూడు వరుసల చివరలూ చూసి, "నేను రాసింది మొత్తం తిరగేసి ఉంది సార్" అంది. ఆ మాట ఆమె నోటి నుంచే రావాలని ఎదురుచూశాను, ఎందుకంటే నేను చెప్పిన నియమం మర్నాటికి పోవచ్చు కానీ, తాను పేర్చి తాను చూసింది అంత తేలిగ్గా పోదు.

రెండో వర్గంలోకి జారడాన్ని సరిచేసింది మార్పిడి. 0.45 ను మొదట నలభై ఐదు చిన్న ముక్కలుగా పేర్చమన్నాను. ఉన్న ముక్కలు చాలకపోయేసరికి, పది చిన్నవాటికి బదులు ఒక పెద్దది పెట్టొచ్చని పాపే చెప్పింది. అలా నాలుగు పెద్దవి, ఐదు చిన్నవి అయ్యాయి. దాని పక్కన 0.3 పెడితే వివాదమే లేదు. ఇదే మార్పిడి కూడికలోనూ పనికొచ్చింది. 0.7 + 0.5 అంటే పన్నెండు పదో వంతులు, అందులో పది ఇచ్చి నిండు పట్టీ తెచ్చుకుంటే ఒకటి, రెండు పదో వంతులు, అంటే 1.2. ఆమె మొదట రాసిన 0.12 ను కూడా పక్కనే పేర్చమన్నాను. 0.7 అంత పొడుగు ముక్కకు ఇంకొంత కలిపితే చివరకు అరచేతిలో పట్టేంత ముక్క ఎలా వచ్చిందని తనే ఆశ్చర్యపోయింది. "నాలుగు పాయింట్ తొమ్మిది" తర్వాత ఇంకొక పదో వంతు కలిపితే ఐదు నిండు పట్టీలవుతాయని తెలిశాక 4.10 ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఇంటి భాషలో ఉన్న పావు, అర, ముప్పావు ఈ దశలో చాలా సాయపడ్డాయి. ముప్పావు మీటరు గుడ్డ కంటే ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కొంచెం పెద్దదని కుట్టుపని చూస్తూ పెరిగిన ఆ పిల్లకు ముందే తెలుసు. అయినా 0.8 కంటే 0.75 పెద్దదని రాసేది. పట్టీల మీద పావు, అర, ముప్పావుల దగ్గర గుర్తులు పెట్టి 0.25, 0.5, 0.75 అని రాయించాక, ఆ తెలివిడీ ఈ రాతా ఒకచోటికి వచ్చాయి. అప్పటి నుంచి ఏ దశాంశం చూసినా ముందు అరకు అటా ఇటా అని అంచనా వేయడం మొదలుపెట్టింది.

ముక్కలను ఎప్పుడు తీసేయాలన్నది ఇంకో నిర్ణయం. ఎక్కువకాలం ఉంచితే అవే ఊతకర్రలవుతాయి, తొందరపడి తీసేస్తే పాత చదువు తిరిగొస్తుంది. అందుకని ముందు సమాధానం చెప్పి తర్వాత పేర్చి సరిచూసుకోవడం, ఆపై అనుమానం వచ్చినప్పుడు మాత్రమే పేర్చడం, చివరకు కాగితం మీద సంఖ్యారేఖ గీసుకోవడం అనే క్రమంలో వెళ్లాం. సంఖ్యారేఖ మీద 0.3, 0.4 ల మధ్య జాగాను పెద్దదిగా గీసి పది భాగాలు చేసినప్పుడు, లేవన్న చోట 0.31 నుంచి 0.39 వరకు సంఖ్యలు దొరికాయి. "వీటి మధ్య కూడా ఉంటాయి కదా" అని 0.305 ను తానే పెట్టింది. సున్నాలు చేర్చే కిటుకును అప్పుడు తిరిగి ఇచ్చాను. ఐదు పదో వంతులే యాభై వందో వంతులని తెలిసిన చేతికి అది ఇప్పుడు ప్రమాదకరం కాదు.

తల్లి చేయవలసింది కూడా మారింది. అంతకుముందు ఆమె పెన్సిలు చివరతో అంకెలు చూపిస్తూ, బిందువు కింద బిందువు పెట్టిస్తూ ఉండేది. ఇప్పుడు లెక్క మొదలుపెట్టకముందు "సుమారుగా ఎంత రావాలి?" అని మాత్రమే అడగమన్నాను. 4.8 + 0.35 అంటే ఐదుకు దగ్గరలో రావాలి. 4.43 వస్తే, కలిపిన తర్వాత మొదటిదానికంటే తగ్గిందని ఎవరూ చెప్పకుండానే పాపకు తెలుస్తుంది. మిషను తొక్కుతూనే అడగగలిగిన ప్రశ్న కావడం వల్ల ఇది ఆ ఇంట్లో నిలిచింది.

క్రికెట్‌ను మాత్రం నిషేధించలేదు. ఓవర్లలోని బిందువు మన దశాంశ బిందువు కాదని వేరుచేసి చూపడమే మేలనిపించింది. 15.3 ఓవర్లలో 124 పరుగులు చేస్తే రన్‌రేట్ ఎంతో కాలిక్యులేటర్‌లో చూడమన్నాను. 124 ÷ 15.3 కొడితే 8.1 చిల్లర వచ్చింది. టీవీ తెర మీద మాత్రం 8.00 అని చూపిస్తారని చెప్పాను. ఎందుకన్నది తాతా మనవరాలూ కూర్చుని తేల్చారు: మూడు బంతులంటే సగం ఓవరు, కాబట్టి 15.5 తో భాగించాలి. ఒకే తెర మీద పక్కపక్కనే ఉన్న రెండు బిందువుల్లో ఒకటి దశాంశ బిందువు, ఇంకొకటి కాదు అని పాప తర్వాత నాకు వివరించింది. మొదట వేసిన పరీక్ష జతల కంటే నాకు ఈ వివరణే గట్టి ఆధారంగా తోచింది.

ఈ కేసు నుంచి ఆచరణకు

దశాంశాల హోంవర్క్‌లో సాయం చేసేవారు, తల్లిదండ్రులైనా ఉపాధ్యాయులైనా, ముందుగా చూడవలసింది ఒప్పు పడిన లెక్కలనే అని నా అభిప్రాయం. అంకెల సంఖ్య సమానంగా ఉన్న జతలు, పొడవైనదే పెద్దదయ్యే జతలు మాత్రమే ఎన్ని ఇచ్చినా అంతా తెలియదు. 0.4, 0.36 వంటిది ఒకటి, 0.3, 0.45 వంటిది ఒకటి, 4.7, 4.08 వంటిది ఒకటి కలిపి అడిగి, ప్రతిదానికీ ఎందుకని అడిగితే పిల్లవాడు బిందువుకు కుడివైపున ఏం చూస్తున్నాడో బయటపడుతుంది. ఏ ఉదాహరణ ఎంచుకోవాలన్నది ఆ తర్వాతి మాట. బిందువుకు అటూ ఇటూ వేర్వేరు పేర్లున్న కొలతలు మొదట్లో వద్దు. ఒకే పొడవును పదేసి భాగాలు చేసుకుంటూ వెళ్లే వస్తువు ఏదైనా సరే, కాగితం, తాడు, కొబ్బరి ఈనె, పనికొస్తుంది. ఒక తప్పు పోయి దానికి వ్యతిరేకమైన తప్పు వచ్చినప్పుడు పాఠం చెడిందని కంగారుపడి పాత కిటుకుకు తిరిగి వెళ్లకూడదు. ఈ కేసులో ఆ ఒక్కచోట తల్లి ఓపిక పట్టకపోయి ఉంటే మిగతా పని సాగేది కాదు.

ఇంకా మిగిలినవి

గుణకారంలో పాప 0.4 × 0.3 కు 1.2 అని రాసేది. పది అడ్డు వరుసలు, పది నిలువు వరుసలు ఉన్న చతురస్రంలో ఒకవైపు నాలుగు వరుసలు, ఇంకొకవైపు మూడు వరుసలు రంగు వేయిస్తే, రెండు రంగులూ కలిసిన గళ్లు నూటిలో పన్నెండు, అంటే 0.12 అని కనిపించింది. గుణిస్తే తగ్గడమేమిటన్న ఆశ్చర్యం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. భాగహారం ఇప్పుడే మొదలైంది. 6 ÷ 0.5 ను 3 అని రాస్తోంది. ఆరు నిండు పట్టీల్లో అర పట్టీలు ఎన్ని ఉన్నాయని అడిగితే పన్నెండని వెంటనే చెబుతుంది, కానీ అదే భాగహారమని ఒప్పుకోవడం లేదు. పంచిపెట్టడంగా మాత్రమే భాగహారాన్ని నేర్చుకున్న పిల్ల కనుక, ముందు పూర్ణ సంఖ్యల్లోనే "ఇందులో అవి ఎన్ని ఉన్నాయి" అనే ప్రశ్నతో భాగహారాన్ని మళ్లీ మొదలుపెట్టాం. ఆరు మీటర్ల గుడ్డలో రెండేసి మీటర్ల ముక్కలు ఎన్ని, ఒక్కో మీటరు ముక్కలు ఎన్ని అని అడుగుతూ, అర మీటరు ముక్కల దగ్గరకు ఇంకా రాలేదు.